హేగ్ తీర్పులను ఎవరు అమలు చేస్తారు?

క్లుప్తంగా: అంతర్జాతీయ కోర్టుల నుంచి తీర్పులు, ఆదేశాలు, అరెస్ట్ వారంట్లు వరుసగా వస్తున్నాయి. యుద్ధాలు మాత్రం ఆగడం లేదు. ఈ కోర్టులకు సొంత పోలీసులు లేరు. దేశం ఏదో ఒక రూపంలో ముందే ఒప్పుకుని ఉంటే తప్ప దాని మీద కేసు నడవదు. అలాగని తీర్పులు గాలికి పోవడమూ లేదు. ఓడిన దేశం లెక్కచేయకపోయినా, దానితో పనిపడే మిగతా దేశాలు, వాటి కోర్టులు, సంస్థలు తమ పద్ధతి మార్చుకుంటున్నాయి. ఇప్పుడు కోర్టుల మీద ఒత్తిడి కూడా అదే దారిలో వస్తోంది.

2021 ఆగస్టులో ప్రపంచ తపాలా సంఘం పెద్దగా ఎవరూ గమనించని నిర్ణయం ఒకటి తీసుకుంది. బ్రిటిష్ హిందూ మహాసముద్ర ప్రాంతం పేరుతో అచ్చయ్యే స్టాంపులు ఇక చెల్లవని చెప్పింది. ఆ పేరుతో బ్రిటన్ పాలిస్తున్నది చాగోస్ దీవులను. అక్కడ మామూలు జనం ఉండరు. డియెగో గార్సియాలో అమెరికా సైనిక స్థావరం కోసం 1968-73 మధ్య దీవుల్లోని వాళ్లందరినీ ఖాళీ చేయించారు. ఉత్తరాలు రాసేవాళ్లే కరువైన చోట స్టాంపు చెల్లితే ఎంత, చెల్లకపోతే ఎంత అనిపిస్తుంది.

కానీ ఆ నిర్ణయానికి మూలం రెండేళ్ల ముందు హేగ్‌లో ఉంది. 2019 ఫిబ్రవరి 25న అంతర్జాతీయ న్యాయస్థానం, మారిషస్‌కు స్వాతంత్ర్యం ఇచ్చే ముందు 1965లో ఈ దీవులను దాని నుంచి విడదీయడం చట్టవిరుద్ధమని, బ్రిటన్ వీలైనంత త్వరగా అక్కడి పాలన ముగించాలని చెప్పింది. అది సలహా మాత్రమే, మేం కట్టుబడక్కర్లేదని బ్రిటన్ జవాబిచ్చింది. నిజమే, చట్టం ప్రకారం అది సలహాయే. దాన్ని అమలు చేయమని బ్రిటన్‌ను ఎవరూ బలవంతపెట్టలేదు. తపాలా సంఘం తన పుస్తకాల్లో ఒక పేరు కొట్టేసింది, అంతే. అంతర్జాతీయ న్యాయం ఎలా పనిచేస్తుందో, ఎందుకు పనిచేయనట్టు కనిపిస్తుందో తెలుసుకోవడానికి ఆ స్టాంపు మంచి ఆధారం.

ఒకే ఊళ్లో వేర్వేరు కోర్టులు

వార్తల్లో ఎక్కువ గందరగోళం పేర్ల దగ్గరే మొదలవుతుంది. నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో ఉన్నవి ఒకటి కాదు, కనీసం మూడు వేర్వేరు వ్యవస్థలు.

మొదటిది అంతర్జాతీయ న్యాయస్థానం, వార్తల్లో ఐసీజే. ఐక్యరాజ్యసమితి అంగం, 15 మంది న్యాయమూర్తులు, తొమ్మిదేళ్ల పదవీకాలం. ఇక్కడ వాది, ప్రతివాది ఇద్దరూ దేశాలే. మనుషులను ఇది విచారించదు, జైల్లో పెట్టదు. రెండోది అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు, ఐసీసీ. క్రికెట్ సంస్థకూ ఇదే పొట్టి పేరు ఉండటంతో తెలుగు శీర్షికల్లో అప్పుడప్పుడు తమాషా జరుగుతుంది. ఇది 2002లో అమల్లోకి వచ్చిన రోమ్ శాసనం కింద ఏర్పడింది, ఐరాసలో భాగం కాదు. వ్యక్తులను విచారిస్తుంది. జాతి హననం, మానవత్వంపై నేరాలు, యుద్ధ నేరాలు, దురాక్రమణ దీని పరిధి. అమెరికా, రష్యా, చైనా, భారత్, ఇజ్రాయెల్ ఇందులో సభ్యులు కావు.

మూడోది శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానం. పేరులో న్యాయస్థానం ఉంది కానీ కూర్చుని ఉండే న్యాయమూర్తులు లేరు. ఒక్కో వివాదానికి ఒక్కో ట్రిబ్యునల్ ఏర్పడితే, దానికి ఆఫీసు పనులు చూసిపెట్టే సంస్థ ఇది. దక్షిణ చైనా సముద్రం కేసు, సింధు జలాల కేసు దీని గొడుగు కిందే నడిచాయి.

గాజా విషయంలో ఐసీజేలో దక్షిణాఫ్రికా వేసిన కేసు ఇజ్రాయెల్ అనే దేశం మీద. ఐసీసీ 2024 నవంబర్ 21న వారంట్లు ఇచ్చింది ఇజ్రాయెల్ అప్పటి ప్రధాని నెతన్యాహు, మాజీ రక్షణ మంత్రి గాలంట్ అనే వ్యక్తుల మీద. రెండూ వేర్వేరు చట్టాలు, వేర్వేరు రుజువులు. ఒకదాంట్లో ఏదో తేలితే రెండోది దానంతటదే తేలిపోదు.

ఒప్పుకుంటేనే కేసు

మామూలు కోర్టులో ప్రతివాదికి ఇష్టం ఉన్నా లేకపోయినా సమన్లు వస్తాయి. ఐసీజేలో అలా కుదరదు. తన మీద కేసు వినే అధికారం కోర్టుకు ఉందని ఆ దేశం ముందే ఏదో ఒక కాగితం మీద ఒప్పుకుని ఉండాలి. ఆ కాగితం రెండు రకాలు.

ఒకటి, ఏ వివాదమైనా సరే వస్తామని ప్రకటించడం. ఐరాసలోని 193 దేశాల్లో ఇలా ప్రకటించినవి సగం కూడా లేవు. భద్రతా మండలిలో వీటో ఉన్న ఐదు దేశాల్లో ఇప్పుడు ఈ ప్రకటన ఉన్నది బ్రిటన్‌కు ఒక్కదానికే. ప్రకటించిన దేశాలు కూడా మినహాయింపులు పెట్టుకుంటాయి. భారత్ 1974లో ఇచ్చిన ప్రకటనలో కామన్వెల్త్ దేశాలతో వివాదాలు వినకూడదన్న షరతు ఉంది. 1999లో తమ నౌకాదళ విమానాన్ని కూల్చారంటూ పాకిస్తాన్ వేసిన కేసు 2000 జూన్‌లో ఆ షరతు దగ్గరే ఆగిపోయింది. విమానం ఎక్కడ ఉండగా కూలిందన్న అసలు ప్రశ్న దాకా కోర్టు వెళ్లనేలేదు.

రెండో రకం, ఏదైనా ఒప్పందంలో "వివాదం వస్తే ఐసీజేకు వెళ్దాం" అన్న వాక్యం ఉండటం. 1948 నాటి జాతి హనన నిరోధక ఒప్పందంలో తొమ్మిదో అధికరణ అలాంటిదే. ఈ కాలంలో పెద్ద కేసులన్నీ జాతి హననం పేరుతోనే ఎందుకు వస్తున్నాయో దీన్నిబట్టి అర్థమవుతుంది. దురాక్రమణ అనో, యుద్ధ నేరం అనో ఐసీజే తలుపు తడితే చాలా దేశాల విషయంలో అది తెరుచుకోదు. జాతి హననం అంటేనే తెరుచుకుంటుంది. లాయర్లు ఉన్న తలుపులోంచి లోపలికి వెళ్తున్నారు.

ఈ దారి ఎంత ఇరుకైనదో ఉక్రెయిన్ కేసు చూపించింది. తన తూర్పు ప్రాంతమైన డాన్బాస్‌లో ఉక్రెయిన్ జాతి హననం చేస్తోందని చెప్పి రష్యా 2022 ఫిబ్రవరిలో దాడి మొదలుపెట్టింది. ఆ ఆరోపణ అబద్ధం, అబద్ధపు ఆరోపణతో యుద్ధం చేయడం ఒప్పందాన్ని ఉల్లంఘించడమే అని ఉక్రెయిన్ వాదించింది. మార్చి 16న కోర్టు 13-2 మెజారిటీతో సైనిక చర్య ఆపమని ఆదేశించింది. రష్యా ఆపలేదు. రెండేళ్ల తర్వాత 2024 ఫిబ్రవరి 2న అదే కోర్టు, బలప్రయోగం న్యాయమా కాదా అన్నది ఈ ఒప్పందం పరిధిలోకి రాదంది. ఉక్రెయిన్ జాతి హననం చేసిందా లేదా అన్న ప్రశ్న మాత్రమే కేసులో మిగిలింది. దాడికి గురైన దేశమే తన నిర్దోషిత్వాన్ని రుజువు చేసుకోవాల్సిన విచిత్ర స్థితి ఇది.

ఇంకో చిక్కు, జాతి హననం రుజువు చేయడం చాలా కష్టం. చంపారని చూపిస్తే చాలదు, ఒక జాతిని పూర్తిగానో కొంత భాగాన్నో నాశనం చేయాలన్న ఉద్దేశంతోనే చంపారని చూపించాలి. జరిగిన ఘటనల నుంచి ఆ ఉద్దేశాన్ని ఊహించాలంటే, వాటికి అదొక్కటే సహేతుకమైన అర్థం అయి ఉండాలని 2015లో క్రొయేషియా, సెర్బియా కేసులో కోర్టు స్పష్టం చేసింది. యుద్ధ నేరంగా సులువుగా తేలే విషయం జాతి హననంగా తేలకపోవచ్చు. తేలకపోతే "కోర్టు క్లీన్‌చిట్ ఇచ్చింది" అని ప్రచారం మొదలవుతుంది. తలుపు ఒకటే కావడం వల్ల వచ్చే నష్టం ఇది.

తాత్కాలిక ఆదేశం ఏం చెబుతుంది

తుది తీర్పు రావడానికి ఏళ్లు పడుతుంది. మయన్మార్ మీద గాంబియా కేసు వేసింది 2019 నవంబర్‌లో. రోహింగ్యాల మీద జరిగిన దాన్ని గురించి అసలు వాదనలు 2026 జనవరిలో కానీ మొదలవలేదు. తీర్పు వచ్చేలోపు సరిచేయలేని నష్టం జరగకుండా కోర్టు ఇచ్చేదే తాత్కాలిక ఆదేశం. మన కోర్టు భాషలో స్టే లాంటిది.

గాజా కేసులో 2024 జనవరి 26 నాటి ఆదేశాన్ని చాలామంది తప్పుగా చదివారు. "జాతి హననం జరుగుతోందనడానికి ఆస్కారం ఉందని కోర్టు తేల్చింది" అన్నది ఒక వాదన. కోర్టు అన్నది, పాలస్తీనా ప్రజలకు ఈ ఒప్పందం కింద రక్షణ పొందే హక్కు ఉందన్న వాదన పరిశీలించదగ్గది, ఆ హక్కుకు పూడ్చలేని నష్టం జరిగే ముప్పు ఉంది అని. నేరం జరిగిందా లేదా అన్న దాని మీద ఆ దశలో కోర్టు ఏమీ చెప్పదు. ఆనాటి కోర్టు అధ్యక్షురాలు జోన్ డొనహ్యూ పదవి దిగాక టీవీ ఇంటర్వ్యూలో ఈ తేడానే విడమరిచి చెప్పాల్సి వచ్చింది. మే 24న కోర్టు ఇంకో అడుగు వేసి, పాలస్తీనీయుల మనుగడనే దెబ్బతీసే పరిస్థితులు కల్పించగల, దక్షిణ గాజాలోని రఫా మీది దాడిని ఆపమంది. ఆ వాక్యంలోని షరతు దాడి మొత్తానికా, ఒక రకం దాడికేనా అని న్యాయమూర్తుల మధ్యే అభిప్రాయ భేదం వచ్చింది. దాడి కొనసాగింది.

ఇలాంటి ఆదేశాలకు కట్టుబడాలా అన్న సందేహం మాత్రం ఎప్పుడో తీరింది. 1999 మార్చి 3న ఒక జర్మన్ పౌరుడి మరణశిక్షను ఆపమని ఐసీజే అమెరికాను ఆదేశించింది. అదే రోజు అరిజోనాలో శిక్ష అమలైంది. మనిషి పోయాక జర్మనీ కేసు కొనసాగించి, తాత్కాలిక ఆదేశాలకు కట్టుబడి తీరాలన్న తీర్పు 2001లో సంపాదించింది. పదహారేళ్ల తర్వాత, 2017 మే 18న, పాకిస్తాన్ సైనిక కోర్టు మరణశిక్ష వేసిన కులభూషణ్ జాదవ్ విషయంలో భారత్ అలాంటి ఆదేశమే తెచ్చుకుంది. ఈసారి శిక్ష ఆగింది. 2019 జూలై 17 తీర్పు తర్వాత ఆయన్ను భారత దౌత్యాధికారి కలవడానికి పాకిస్తాన్ అనుమతించింది. భారత్ అడిగిన విడుదల మాత్రం కోర్టు ఇవ్వలేదు. ఒకే రకం ఆదేశంతో ఒకచోట శిక్ష ఆగింది, ఒకచోట ఆగలేదు. రెండు సందర్భాల్లోనూ చట్టం మారలేదు, ఎదుటి దేశానికి అయ్యే ఖర్చు మారింది.

డిక్రీ వచ్చాక

సివిల్ కోర్టులో డిక్రీ గెలిస్తే అమీనా వచ్చి జప్తు చేస్తాడన్న ధీమా ఉంటుంది. ఐసీజేకు అమీనా స్థానంలో ఉన్నది భద్రతా మండలి. ఐరాస చార్టర్ 94వ అధికరణ ప్రకారం ఓడిన దేశం తీర్పు పాటించకపోతే గెలిచిన దేశం మండలిని ఆశ్రయించవచ్చు. మండలిలో ఐదు దేశాలకు వీటో ఉంది.

దీని ఫలితం 1986లోనే తేలిపోయింది. నికరాగువాలో తిరుగుబాటుదారులకు ఆయుధాలివ్వడం, రేవుల్లో మందుపాతరలు పెట్టడం చట్టవిరుద్ధమని ఆ ఏడాది జూన్ 27న కోర్టు అమెరికాకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. అమెరికా అప్పటికే విచారణ నుంచి లేచి వెళ్లిపోయి, కోర్టు అధికారాన్ని ఒప్పుకున్న తన ప్రకటనను వెనక్కి తీసుకుంది. తీర్పు అమలు చేయమని మండలిలో తీర్మానం పెడితే 11 ఓట్లు వచ్చాయి, వ్యతిరేకంగా ఒక్కటే. ఆ ఒక్కటే వీటో. నికరాగువాలో ప్రభుత్వం మారాక 1991లో పరిహారం కేసునే ఆ దేశం వదులుకుంది.

అన్ని కేసులూ ఇలాగే ఉండవు. 2022 ఫిబ్రవరిలో కాంగోకు 32.5 కోట్ల డాలర్లు చెల్లించాలని కోర్టు ఉగాండాను ఆదేశిస్తే, ఏటా 6.5 కోట్ల చొప్పున ఐదు వాయిదాల్లో మొదటిది అదే ఏడాది సెప్టెంబర్‌లో కట్టింది. కోర్టు చరిత్రలో మొదటి కేసు మధ్యస్తంగా నడిచింది. కోర్ఫు జలసంధిలో మందుపాతరలకు బ్రిటిష్ నౌకలు దెబ్బతిన్నందుకు 1949లో అల్బేనియా మీద 8,43,947 పౌండ్ల పరిహారం పడింది. అల్బేనియా కట్టలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో చిక్కుకున్న అల్బేనియా బంగారం బ్రిటన్ అదుపులో ఉండిపోయింది. 1992లో ఇద్దరూ రాజీకి వచ్చారు, అల్బేనియా 20 లక్షల డాలర్లు ఇస్తానంది, బ్రిటన్ బంగారం వదులుతానంది. నలభై ఏళ్లకు పైగా ఆ తీర్పు బేరంలో ఒక చీటీగా బతికే ఉంది. గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడన్న మాట కోర్టు పక్షుల గురించి తెలుగులో ఊరికే పుట్టలేదు, దేశాలకూ అది వర్తిస్తుంది.

వారంటు ఉన్న మనిషి విమానం ఎక్కితే

ఐసీసీ పరిస్థితి ఇంకా ఇబ్బందికరం. దానికి కావాల్సింది డబ్బు కాదు, మనిషి. సభ్య దేశాలు పట్టి అప్పగిస్తే తప్ప విచారణ జరగదు.

2023 మార్చి 17న ఉక్రెయిన్ పిల్లలను అక్రమంగా తరలించారన్న ఆరోపణ మీద పుతిన్‌కు వారంటు వచ్చింది. ఆ ఆగస్టులో జొహానెస్‌బర్గ్ బ్రిక్స్ సమావేశానికి ఆయన వెళ్లలేదు, వీడియోలో మాట్లాడారు. 2015లో ఐసీసీ వారంటు ఉన్న సూడాన్ అధ్యక్షుడు బషీర్ వచ్చినప్పుడు అరెస్టు చేయకుండా వదిలేసి సొంత కోర్టుల చేత చీవాట్లు తిన్న దేశం దక్షిణాఫ్రికా. మళ్లీ ఆ టెన్షన్ వద్దనుకుంది. 2024 సెప్టెంబర్‌లో పుతిన్ మంగోలియా వెళ్లారు. అదీ సభ్య దేశమే. స్వాగత తోరణాలు కట్టింది. పెట్రోలు ఉత్పత్తులు దాదాపు మొత్తం రష్యా నుంచే తెచ్చుకునే దేశం అంతకన్నా ఏం చేస్తుందన్నది అక్కడి వాదన. మంగోలియా బాధ్యత తప్పిందని అక్టోబర్ 24న ఐసీసీ తేల్చి, విషయాన్ని సభ్య దేశాల సభకు పంపింది. అక్కడ శిక్షలేమీ లేవు. 2025 ఏప్రిల్‌లో నెతన్యాహును ఆహ్వానించిన హంగరీ అయితే ఆయన ఊళ్లో ఉండగానే కోర్టు నుంచి వైదొలగుతామని ప్రకటించింది.

ఇక్కడ నిజమైన చట్టపు వివాదం కూడా ఒకటుంది. పదవిలో ఉన్న దేశాధినేతకు, విదేశాంగ మంత్రికి పరాయి దేశపు కోర్టుల నుంచి రక్షణ ఉంటుందని 2002లో కాంగో, బెల్జియం కేసులో ఐసీజే చెప్పింది. రోమ్ శాసనం 27వ అధికరణ అలాంటి పదవీ రక్షణ మా దగ్గర చెల్లదంటుంది. 98వ అధికరణ మాత్రం వేరే దేశానికి ఉన్న రక్షణను అతిక్రమించేలా సభ్య దేశాన్ని అడగకూడదంటుంది. రష్యా, ఇజ్రాయెల్ సభ్యులు కావు కదా, వాటి నాయకులకు 98 వర్తిస్తుందా? అంతర్జాతీయ కోర్టు ముందు ఆ రక్షణే లేదని బషీర్‌ను జోర్డాన్ అరెస్టు చేయకుండా వదిలేసిన వ్యవహారంలో 2019లో ఐసీసీ అప్పీలు విభాగం తీర్పిచ్చింది. తన అధికారం గురించి ఆ కోర్టు తానే చెప్పుకున్న మాట అది. ఆ తీర్పును సభ్యత్వం లేని దేశాలు ఒప్పుకోవు, కొన్ని సభ్య దేశాలు కూడా మనస్ఫూర్తిగా ఒప్పుకోవడం లేదు. పుతిన్ విషయంలో ఒక మాట, నెతన్యాహు విషయంలో ఇంకో మాట మాట్లాడే ప్రభుత్వాల వల్ల ఈ చర్చలో చట్టం ఎంతో, రాజకీయం ఎంతో విడదీయడం కష్టమైపోయింది.

అరెస్టు జరిగిన చోట ఏం కలిసొచ్చిందో చూడాలి. ఫిలిప్పీన్స్ 2019లో ఐసీసీ నుంచి బయటికి వెళ్లిపోయింది. అయినా సభ్యత్వం ఉన్న కాలంలో మాదకద్రవ్యాల మీద యుద్ధం పేరుతో జరిగిన హత్యల మీద కోర్టుకు అధికారం మిగిలింది. 2025 మార్చి 11న మాజీ అధ్యక్షుడు డుటెర్టే మనీలా విమానాశ్రయంలో దిగగానే పట్టుకుని, ఆ రాత్రే హేగ్ విమానం ఎక్కించారు. అప్పటికి ఆయన కుటుంబానికీ అధికారంలో ఉన్న మార్కోస్ వర్గానికీ పొత్తు చెడిపోయింది. వారంటు ఉంటుంది, కాలం చెల్లదు. స్వదేశంలో గాలి ఎప్పుడు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు.

సలహా అన్న పేరు, పని వేరు

చాగోస్ స్టాంపు దగ్గరికి మళ్లీ వద్దాం. ఐసీజే సలహా అభిప్రాయాన్ని అడిగేది ఐరాస అంగాలు. ఏ దేశం ఒప్పుకోలూ అక్కర్లేదు. ఒప్పుకోలు లేక ఆగిపోయే వివాదాలు ఇప్పుడు ఈ పక్క గుమ్మంలోంచి వస్తున్నాయి.

చాగోస్ అభిప్రాయం తర్వాత 2019 మే 22న ఐరాస సర్వసభ్య సభ 116-6 ఓట్లతో బ్రిటన్‌ను ఆరు నెలల్లో వైదొలగమంది. బ్రిటన్ కదల్లేదు. 2021 జనవరిలో మారిషస్, మాల్దీవుల సముద్ర సరిహద్దు కేసులో సముద్ర చట్టాల ట్రిబ్యునల్ చాగోస్ మారిషస్‌దేనన్నది తేలిపోయిన విషయంగా తీసుకుంది. స్టాంపులు ఆ తర్వాత. ఒక్కొక్కటీ చిన్నదే. కానీ స్థావరం భవిష్యత్తుకు చట్టబద్ధత ఎప్పుడూ సందేహంలోనే ఉంటుందన్న భయం లండన్‌లో పెరిగింది. సర్వసభ్య సభ ఓటు వేసిన రోజుకు సరిగ్గా ఆరేళ్లకు, 2025 మే 22న, దీవుల మీద సార్వభౌమత్వాన్ని మారిషస్‌కు వదులుకుని డియెగో గార్సియాను 99 ఏళ్లు లీజుకు తీసుకునే ఒప్పందం మీద బ్రిటన్ సంతకం చేసింది. దాని మీద బ్రిటన్ రాజకీయాల్లో గొడవ రేగింది. తమను అడగకుండానే బేరం కుదుర్చుకున్నారని దీవుల నుంచి వెళ్లగొట్టబడిన వాళ్లలో చాలామంది మండిపడ్డారు. దేశాల మధ్య న్యాయంలో మనుషులకు కుర్చీ లేదన్న పాత లోపం అలాగే ఉంది.

వాతావరణ మార్పు మీద 2025 జూలై 23న వచ్చిన అభిప్రాయం మరింత విశాలమైనది. 2019లో దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయం లా విద్యార్థులకు వచ్చిన ఆలోచనను పసిఫిక్ ద్వీప దేశం వనువాటు ప్రభుత్వం అందుకుని సర్వసభ్య సభ దాకా తెచ్చింది. ఉద్గారాలను అదుపు చేయడానికి దేశాలకు చట్టపరమైన బాధ్యత ఉందని, తప్పితే పరిహారం దాకా వెళ్లవచ్చని కోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. ఏ దేశం ఎంత కట్టాలో చెప్పలేదు. రేపు ఏదో ఒక దేశంలో గనికో చమురు బావికో ఇచ్చిన లైసెన్సు మీద అక్కడి హైకోర్టులో కేసు పడితే, లాయరు చేతిలో ఈ అభిప్రాయం ఉంటుంది. దాని అసలు చోటు అదే.

దేశీయ కోర్టులు ఎలా పట్టుకుంటాయో నెదర్లాండ్స్ చూపింది. ఐసీజే గాజా ఆదేశం వచ్చిన మూడు వారాలలోపే, 2024 ఫిబ్రవరి 12న, హేగ్ అప్పీలు కోర్టు ఇజ్రాయెల్‌కు ఎఫ్-35 యుద్ధ విమానాల విడిభాగాల ఎగుమతి ఆపమంది. 2025 అక్టోబర్‌లో డచ్ సుప్రీంకోర్టు, నిర్ణయం తీసుకోవాల్సింది కోర్టు కాదు, ప్రభుత్వమేనని సవరించింది, లైసెన్సును మళ్లీ పరిశీలించమని గడువు పెట్టింది. యుద్ధం ఆగలేదు. ఒక గోదాములోంచి పెట్టెలు కదలడం ఆగింది.

రానే రాము అంటే

దక్షిణ చైనా సముద్రం కేసులో చైనా విచారణకే వెళ్లలేదు. 2016 జూలై 12న ట్రిబ్యునల్, ఆ సముద్రంలో చాలా భాగాన్ని చుట్టేసే తొమ్మిది గీతల మ్యాపు ఆధారంగా చైనా చెప్పుకుంటున్న చారిత్రక హక్కులకు చట్టబలం లేదని ఫిలిప్పీన్స్ పక్షాన తీర్పిచ్చింది. చైనా అది చెల్లదంది. నౌకలు అక్కడే ఉన్నాయి, నీటి ఫిరంగులు కొడుతూనే ఉన్నాయి. గెలిచిన ఫిలిప్పీన్స్ కూడా డుటెర్టే కాలంలో చైనా పెట్టుబడుల కోసం తీర్పును బీరువాలో పెట్టింది, తర్వాతి ప్రభుత్వం మళ్లీ బయటికి తీసింది.

దీనికి పక్కన బంగాళాఖాతం పెట్టి చూడండి. అదే సముద్ర చట్టం కింద 2014 జూలై 7న వచ్చిన తీర్పులో వివాదంలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు వెళ్లాయి. భారత్ ఒప్పుకుంది. గీత తేలితే చమురు కంపెనీలకు, జాలర్లకు, నౌకాదళానికి ఎవరి హద్దు వాళ్లకు తెలుస్తుంది, పొరుగు దేశంతో ఒక తలనొప్పి పోతుంది. అంతర్జాతీయ తీర్పులు ఎక్కువగా పాటించబడేది ఇలాంటి చోట్లే. ఇవి వార్తల్లో నిలవవు కాబట్టి "ఎవరూ పాటించరు" అన్న అభిప్రాయం బలపడింది.

సింధు జలాల వ్యవహారంలో భారత్ రెండో వైపున నిలబడింది. కిషన్‌గంగ, రాట్లే జల విద్యుత్ ప్రాజెక్టుల మీద పాకిస్తాన్ మధ్యవర్తిత్వ కోర్టును, భారత్ తటస్థ నిపుణుణ్ని కోరాయి. 2022లో ప్రపంచ బ్యాంకు రెండింటినీ ఒకేసారి నడవనిచ్చింది. ఒకే ప్రశ్నకు రెండు చోట్ల రెండు జవాబులు వస్తే ఎలా అన్నది భారత్ అభ్యంతరం, అది కొట్టిపారేయదగ్గది కాదు. పహల్గాం దాడి తర్వాత 2025 ఏప్రిల్ 23న 1960 నాటి ఒప్పందాన్ని నిలుపుదలలో పెడుతున్నట్టు భారత్ ప్రకటించింది. జూన్ 27న మధ్యవర్తిత్వ కోర్టు, ఆ ప్రకటన తన అధికారాన్ని తగ్గించదంది. ఆ కోర్టు ఏర్పాటే చట్టవిరుద్ధమని భారత్ తిరస్కరించింది.

అసలు ప్రశ్న "నిలుపుదల" అన్న మాట దగ్గరుంది. ఇద్దరూ కలిసి ఇంకో ఒప్పందం చేసుకునే దాకా ఇది కొనసాగుతుందని 12వ అధికరణలో ఉంది. ఒక పక్షం పక్కన పెట్టే వీలు గురించి అందులో ఏమీ లేదు. భారత్ చూపుతున్న కారణాలు సీమాంతర ఉగ్రవాదం, మారిన జనాభా, ఇంధన అవసరాలు. ఒప్పందాల చట్టంలో ఎదుటివాడి తీవ్ర ఉల్లంఘన, పరిస్థితుల్లో మౌలిక మార్పు అన్న రెండు మినహాయింపులున్నాయి. కానీ గడప చాలా ఎత్తు. డాన్యూబ్ నది ఆనకట్టల కేసులో హంగరీ ఇదే వాదన తెస్తే 1997లో ఐసీజే ఒప్పుకోలేదు. ఉగ్రవాదానికి మద్దతును నీళ్ల ఒప్పందపు ఉల్లంఘనగా లెక్కించవచ్చా అన్నది ఏ కోర్టూ ఇంతవరకు తేల్చని విషయం. చైనా వైఖరిని విమర్శించడానికి 2016 తీర్పును ఉదహరించే దేశానికి, తానే ఒక ట్రిబ్యునల్‌ను తోసిపుచ్చాల్సి రావడం దౌత్యపరంగా ఇరకాటమే.

కోర్టు మీదికే మళ్లిన ఆయుధం

తీర్పులకు బలం మూడో పక్షాల నుంచి వస్తుందంటే, ఆ మూడో పక్షాలను బెదిరిస్తే కోర్టు బలం తగ్గుతుంది. 2025 ఫిబ్రవరి 6న అమెరికా అధ్యక్షుడు ఐసీసీ మీద ఆంక్షల ఉత్తర్వు ఇచ్చారు. ముందు ప్రాసిక్యూటర్, తర్వాత జూన్, ఆగస్టుల్లో న్యాయమూర్తులు ఆ జాబితాలో చేరారు. జాబితాలోని వ్యక్తికి సేవలందిస్తే అమెరికా కంపెనీలకు చిక్కు. యూరప్ బ్యాంకులు కూడా డాలర్ లావాదేవీల భయంతో వెనకాడతాయి. ఫ్రాన్స్‌కు చెందిన ఒక న్యాయమూర్తి, సొంత దేశంలో హోటల్ బుక్ చేసుకుంటే అది కూడా రద్దయిందని, కార్డులు పనిచేయడం లేదని బహిరంగంగా చెప్పారు. కోర్టు తన ఆఫీసు సాఫ్ట్‌వేర్‌ను అమెరికా కంపెనీది వదిలి జర్మనీలో తయారైనదానికి మారే పని మొదలుపెట్టింది.

ప్రపంచ వాణిజ్య సంస్థకు ఆంక్షలు కూడా అక్కర్లేకపోయింది. అప్పీలు విభాగంలో ఏడుగురు ఉండాలి, కేసు వినాలంటే ముగ్గురైనా కావాలి. కొత్తవారి నియామకాలను అమెరికా వరుసగా అడ్డుకోవడంతో 2019 డిసెంబర్ 11 నాటికి ఒక్కరే మిగిలారు. అప్పటి నుంచి కింది ప్యానెల్‌లో ఓడిన దేశం, వినేవాళ్లు లేని చోట అప్పీలు వేస్తే చాలు, తీర్పు అమల్లోకి రాదు. నికెల్ ఎగుమతుల కేసులో యూరోపియన్ యూనియన్ చేతిలో ఓడిన ఇండోనేషియా 2022 డిసెంబర్‌లో అదే చేసింది. న్యాయమూర్తుల మీద ఎవరూ చేయి వేయలేదు, కుర్చీలు ఖాళీగా ఉంచారంతే.

ఇక ఐసీజేలో చూడాల్సింది గాంబియా, మయన్మార్ తీర్పు. ఉద్దేశం ఒక్కటే సహేతుకమైన అర్థం అయి ఉండాలన్న 2015 గీటురాయిని కోర్టు అలాగే ఉంచుతుందా, పిల్లల మీద దాడులు, బలవంతపు తరలింపులు, ఆకలి వంటివాటి నుంచి ఉద్దేశాన్ని ఊహించడానికి కొంత వెసులుబాటు ఇస్తుందా అన్నది అందులో తేలాలి. ఆ వాక్యం ఎలా వస్తుందన్న దాని మీదే దక్షిణాఫ్రికా, ఇజ్రాయెల్ కేసులో ఇరుపక్షాల లాయర్లు తమ వాదనలు మళ్లీ రాసుకుంటారు.